పొగలో ఏముంది? బర్నౌట్ కథ: మాన్యువల్, ఆటోమేటిక్, మధ్యలో మనం

పోయిన ఎపిసోడ్‌లో అంబాసిడర్ కారు గురించి మాట్లాడుకున్నాం కదా. దాని కింద ఒక తమ్ముడు నాకో మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా నాన్న కొత్తగా ఆటోమేటిక్ కారు తీసిండు. దాంట్ల బర్నౌట్ అయితదా, లేకుంటే మాన్యువల్‌లోనే అయితదా? ఒక రీల్ చెయ్యాలె" అని.

రిప్లై టైప్ చేశాను. డిలీట్ చేశాను. మళ్లీ టైప్ చేశాను, మళ్లీ డిలీట్ చేశాను. "అవుతుంది, ఇలా చెయ్యి" అని చెప్పడానికి చెయ్యి రాలేదు. "వద్దురా" అంటే వినడు. ఎందుకు వినడో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ వయసులో నేనూ వినలేదు. ఆ కథ చివర్లో చెప్తాను. ముందు అసలు ఈ బర్నౌట్ అనేది ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, రోడ్డు మీదకి ఎలా వచ్చింది, ఆ చరిత్ర చూద్దాం. ఆ తమ్ముడి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

ఎండిపోయిన చెరువులు, పాత రన్‌వేలు

కథ అమెరికాలో, దక్షిణ కాలిఫోర్నియాలో మొదలవుతుంది. 1930ల్లో అక్కడి కుర్రాళ్లు పాత ఫోర్డ్ కార్లు చవగ్గా కొని, బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు పీకేసి, ఇంజిన్‌కి మెరుగులు పెట్టి, మురాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద తోలేవాళ్లు. మైళ్ల కొద్దీ బల్లపరుపు నేల, అడ్డు వచ్చేవాళ్లు లేరు. 1937లో వాళ్లంతా కలిసి ఒక సంఘం కూడా పెట్టుకున్నారు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. అది అయిపోయాక సైన్యం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లకి మెకానిక్ పని వచ్చు, చేతిలో కొంచెం డబ్బుంది, ఒంట్లో వేగం ఉంది. సరస్సులు ఊరికి దూరం. దాంతో రేసులు ఊళ్లోకి, సిగ్నళ్ల దగ్గరికి వచ్చేశాయి. యాక్సిడెంట్లు, పోలీసులు, పేపర్లలో తిట్లు. వినడానికి మన కథలాగే ఉంది కదా?

అప్పుడు 1950లో సి.జె. హార్ట్ అనే ఆయన, ఇంకొందరితో కలిసి, శాంటా ఆనా విమానాశ్రయంలో వాడకుండా వదిలేసిన రన్‌వే తీసుకుని ఆదివారం రేసులు మొదలుపెట్టాడు. టికెట్ పెట్టి నడిపిన తొలి డ్రాగ్ స్ట్రిప్‌గా దాన్నే చెప్తారు. మరుసటి ఏడాది, 1951లో, హాట్ రాడ్ పత్రిక ఎడిటర్ వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంస్థ పెట్టాడు. ఉద్దేశం ఒక్కటే, ఈ కుర్రాళ్లని రోడ్డు మీద నుంచి తప్పించి ట్రాక్ మీద పెట్టాలి. 1955లో కాన్సాస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్‌లో మొదటి జాతీయ పోటీలు జరిగాయి. దూరం పావు మైలు, అంటే మన లెక్కలో 402 మీటర్లు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది: వద్దంటే ఆగలేదు, చోటు ఇస్తే ఆగింది.

పొగ అంటే మొదట్లో నష్టం

ఇప్పుడు చాలామందికి తెలియని సంగతి. 1960ల మొదట్లో డ్రాగ్‌స్టర్ల ఫొటోలు చూడండి. స్టార్టింగ్ లైన్ నుంచి చివరిదాకా వెనక టైర్ల నుంచి తెల్లటి పొగ. చూడ్డానికి అద్భుతం. కానీ రేసర్‌కి అది నష్టం. చక్రం జారుతూ తిరుగుతోందంటే, ఇంజిన్ ఇచ్చిన శక్తిలో కొంత బండిని తోయకుండా రబ్బర్‌ని అరగదీస్తోందని అర్థం.

ఇంట్లో బీరువా జరిపారా ఎప్పుడైనా? మొదటి తోపు కష్టం. ఒకసారి కదిలాక తేలిగ్గా జారుతుంది. టైర్ కూడా అంతే. నేలని పట్టుకుని ఉన్నంతసేపు పట్టు ఎక్కువ. ఒకసారి జారడం మొదలైతే పట్టు పడిపోతుంది.

అందుకే టైర్ల వాళ్లు, క్లచ్‌ల వాళ్లు దశాబ్దం పాటు ఆ పొగని తగ్గించడానికే పనిచేశారు. గాడులు లేని నున్నటి టైర్లు, వాటినే స్లిక్స్ అంటారు, అవి వచ్చాయి. తర్వాత పక్క గోడలు ముడతలు పడి నేలని పిడికిలిలా పట్టుకునే మెత్తటి స్లిక్స్ వచ్చాయి. కావాలనే కొద్దిగా జారే క్లచ్‌లు వచ్చాయి. దాంతో జారాల్సినదేదో క్లచ్ జారింది, టైర్ పట్టుకుంది. రేసులో పొగ తగ్గింది.

మరి పొగ ఎక్కడికి పోయింది? రేసులోంచి తప్పుకుని రేసుకి ముందుకి వచ్చింది. అదే ఇవాళ మనం చూసే బర్నౌట్.

బెల్లం సంగతి మీకు తెలుసు. చల్లగా ఉంటే రాయి, వేడి చేస్తే వేళ్లకి అంటుకుంటుంది. ఆ మెత్తటి స్లిక్స్ కూడా అంతే. వేడెక్కితేనే జిగురు. కాబట్టి లైన్ దగ్గరికి వచ్చే ముందు ఒక చోట టైర్లు తిప్పి వేడి చేస్తారు. దాంతో మూడు పనులు అవుతాయి. టైర్‌కి అంటుకున్న దుమ్ము, రాళ్లు పోతాయి. రబ్బర్ మెత్తబడుతుంది. కొంత రబ్బర్ ట్రాక్‌కి పూతలా అంటుకుని, బండి బయల్దేరేచోట పట్టు పెరుగుతుంది.

టైర్ మొదట తేలిగ్గా జారాలి కాబట్టి కింద ఏదో ఒకటి పోసేవాళ్లు. 1960ల చివర్లో బట్టల బ్లీచ్ పోశారు. ఘాటు వాసన, కళ్ల మంట. 1970ల్లో కొందరు జనం చప్పట్ల కోసం పెట్రోల్ పోసి నిప్పు కూడా పెట్టారు. మంటల్లోంచి కారు బయటికొస్తుంటే ఫొటో బాగానే ఉంటుంది, పక్కన నిలబడ్డ మనిషి సంగతే డౌటు. తర్వాత దాన్ని నిషేధించారు. ఇప్పుడు మామూలు నీళ్లు పోస్తారు. ఆ చోటుని వాటర్ బాక్స్ అంటారు.

ఒక్క మాట. ఇదంతా స్లిక్స్‌కి. మన రోడ్డు కారుకి ఉండే గాడుల టైర్లు ఆ పని కోసం చేసినవి కావు. వాటిని అలా కాలిస్తే పట్టు పెరగదు, పై పొర పాడవుతుంది. అంటే రోడ్డు కారుతో చేసే బర్నౌట్‌కి అసలు కారణమే లేదు. మిగిలింది పొగ ఒక్కటే.

మాన్యువల్: ఎడమ కాలి ఆట

మాన్యువల్ కారులో ఇంజిన్‌కీ చక్రానికీ మధ్య ఉండేది క్లచ్. ఒకదానికొకటి నొక్కుకునే పళ్లేలు. ఇంజిన్‌ని బాగా తిప్పి క్లచ్‌ని ఒక్కసారిగా వదిలితే ఆ తిరుగుడంతా ఒక్క దెబ్బలో చక్రం మీద పడుతుంది. చక్రం నేలని వదిలేసి జారిపోతుంది. సిద్ధాంతం ఇంతే.

కానీ ఆ దెబ్బ చక్రం ఒక్కటే తినదు. క్లచ్ ప్లేటు, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, యాక్సిల్, అన్నీ తింటాయి. వీటిలో ఏది బలహీనంగా ఉంటే అది పోతుంది. డ్రాగ్ రేసింగ్‌లో ఇది చాలా ఖరీదుగా నేర్చుకున్న పాఠం. డాన్ గార్లిట్స్ అంటే ఆ ఆటలో దేవుడి లాంటి పేరు. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో ఆయన బండి ట్రాన్స్‌మిషన్ స్టార్టింగ్ లైన్ మీదే పేలిపోయింది. కారు రెండు ముక్కలైంది, ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. హాస్పిటల్‌లో పడుకుని ఆయన ఆలోచించింది ఏంటంటే, ఇంజిన్ నా ముందు ఎందుకు ఉండాలి, వెనక ఉండొచ్చు కదా అని. 1971లో ఇంజిన్ వెనక పెట్టిన డ్రాగ్‌స్టర్‌తో వచ్చి గెలిచాడు. తర్వాత అందరూ ఆ దారే పట్టారు.

ముందు చక్రాలని బ్రేక్‌తో పట్టి ఉంచి వెనక చక్రాలని మాత్రమే తిరగనివ్వడానికి లైన్ లాక్ అనే పరికరం వచ్చింది. రేసర్లు విడిగా కొని బిగించుకునే ఆ సామాను, 2015 ఫోర్డ్ మస్టాంగ్ జీటీలో కంపెనీ నుంచే బటన్‌గా వచ్చేసింది. మాన్యువల్‌కీ ఇచ్చారు, ఆటోమేటిక్‌కీ ఇచ్చారు. కాకపోతే ట్రాక్ మీద మాత్రమే వాడాలని స్క్రీన్ మీద హెచ్చరిక.

ఆటోమేటిక్: ట్యాంకు నుంచి ట్రాక్‌కి

మన దగ్గర ఆటోమేటిక్ అంటే ట్రాఫిక్‌లో సుఖంగా తోలే బండి అని పేరు. అమెరికాలోనూ మొదట అలాగే అనుకున్నారు. జనరల్ మోటార్స్ 1939లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో, హైడ్రామాటిక్ అనే గేర్‌బాక్స్ తెచ్చింది. పెద్ద ఎత్తున అమ్మిన మొదటి పూర్తి ఆటోమేటిక్ అదే. యుద్ధం రాగానే దాన్ని ఎం5 తేలికపాటి ట్యాంకుల్లో పెట్టారు. అంటే సుఖం కోసం పుట్టిన గేర్‌బాక్స్ ముందు యుద్ధం చూసింది.

దీని లోపల ఏముంటుంది? రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టండి. ఒకదానికే స్విచ్ వెయ్యండి. ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలి బదులు ఆయిల్ అనుకోండి, ఫ్యాన్ల బదులు రెక్కల చక్రాలు అనుకోండి. హైడ్రామాటిక్‌లో ఉన్నది అదే. 1948లో బ్యూక్ డైనాఫ్లో దీనికి ఇంకో మెట్టు ఎక్కించి టార్క్ కన్వర్టర్ తెచ్చింది. రెండు ఫ్యాన్ల మధ్య ఇంకో రెక్కల చక్రం వచ్చింది. అది ఆయిల్ దారి మళ్లించి, బండి బయల్దేరేటప్పుడు తోపుని పెంచుతుంది.

1953లో బాబ్ స్పార్, మార్ట్ షూమన్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో బీ అండ్ ఎం అనే కంపెనీ పెట్టారు. బాబ్‌లో బీ, మార్ట్‌లో ఎం. వాళ్లు హైడ్రామాటిక్‌ని రేసులకి తగ్గట్టు మార్చారు. మొదట్లో చాలామంది నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. ఎందుకంటే క్లచ్ తొక్కే మనిషి ఒక్కోసారి ఒక్కోలా వదుల్తాడు, ఈ డబ్బా మాత్రం ప్రతిసారీ ఒకేలా కదుల్తుంది. ఇవాళ్టికీ డ్రాగ్ స్ట్రిప్‌లో చాలా తరగతుల్లో ఆటోమేటిక్‌లదే రాజ్యం. ఫస్ట్ గేరునీ రివర్స్ గేరునీ ఒకేసారి పట్టేసి బండిని కదలకుండా ఆపే ట్రాన్స్‌బ్రేక్ కూడా అలా పుట్టిందే.

కాబట్టి తమ్ముడూ, "మాన్యువల్‌లోనే అవుతుందా" అన్న నీ ప్రశ్నకి చరిత్ర 70 ఏళ్ల కిందే జవాబు చెప్పింది. రెండిట్లోనూ అవుతుంది. దెబ్బ ఎక్కడ పడుతుందన్నదే తేడా. మాన్యువల్‌లో దెబ్బ ఇనుము మీద పడుతుంది. ఆటోమేటిక్‌లో ఆయిల్ మీద పడుతుంది. బ్రేక్ పట్టి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ శక్తంతా ఆ ఆయిల్‌లో వేడిగా మారుతుంది. ఆయిల్ మాడితే లోపలి క్లచ్‌లు మాడతాయి. బయటికి ఏమీ కనపడదు. నెల తర్వాత గేర్ పడేటప్పుడు బండి కుదుపుతుంది, అప్పుడు బిల్లు వస్తుంది.

పైగా మన దగ్గర ఆటోమేటిక్ అని అమ్మేవన్నీ ఒకటి కాదు. ఏఎంటీ అంటే లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే, మీ కాలి బదులు ఒక మోటార్ క్లచ్ తొక్కుతుంది. సీవీటీలో రెండు పుల్లీల మధ్య స్టీల్ బెల్ట్ ఉంటుంది. డీసీటీలో రెండు క్లచ్‌లు. వీటిలో ఏదీ ఈ పని కోసం చేసింది కాదు. ఇప్పటి కార్లు చాలావాటిలో బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి నొక్కితే కంప్యూటరే పవర్ కట్ చేసేస్తుంది.

ట్రాక్ గోడ దాటిన పొగ

ఇప్పుడు అసలు మలుపు. ట్రాక్ మీద పొగకి ఒక పని ఉంది. గోడ దాటి వీధిలోకి వచ్చాక పొగ ఒక మాటలా మారింది. "నేనున్నాను, చూడండి" అనే మాట.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష రోజులవి, 1980లు. సొవెటో లాంటి టౌన్‌షిప్‌లలో నల్లవాళ్ల బతుకు ఎలా ఉండేదో చదువుకున్నాం. అక్కడ గ్యాంగ్‌స్టర్ చనిపోతే స్నేహితులు బీఎండబ్ల్యూ కార్లు తెచ్చి గిరగిరా తిప్పి, టైర్లు కాల్చి, పొగతో సాగనంపేవాళ్లు. ఆ డబ్బా ఆకారపు ఈ30 బీఎండబ్ల్యూకి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు గుషేషే. చావు ఊరేగింపులో పుట్టిన ఈ ఆటని స్పిన్నింగ్ అంటారు. 2014లో అక్కడి మోటార్ స్పోర్ట్ సంస్థ దాన్ని అధికారిక క్రీడగా గుర్తించింది. ఇవాళ స్టేసీ లీ మే అనే అమ్మాయిని 'పొగ మహారాణి' అని జనం పిలుస్తున్నారంటే ఆ దారి అలా వచ్చిందే.

ఆస్ట్రేలియాలో ఇంకో దారి. 1988లో చిక్ హెన్రీ అనే ఆయన రాజధాని కాన్‌బెర్రాలో సమ్మర్‌నాట్స్ అనే కార్ల జాతర మొదలుపెట్టాడు. అందులో బర్నౌట్‌కే పోటీ. పొగ ఎంత, ఎంతసేపు, బండి మీద అదుపు ఎంత అని చూసి జడ్జీలు మార్కులు వేస్తారు. 2019లో అక్కడ 126 కార్లు ఒకేసారి టైర్లు కాల్చి గిన్నిస్ రికార్డు కొట్టాయి. కానీ అక్కడా అంతా క్షేమం కాదు. 2017లో ఆ ప్రాంగణంలోనే, కదిలే బండి వెనక నుంచి పడి ఒక యువకుడు చనిపోయాడు. వీధుల్లో చేసేవాళ్ల కోసం అక్కడి రాష్ట్రాలు చట్టాలు తెచ్చాయి. క్వీన్స్‌ల్యాండ్ 2002లోనే బండి లాక్కునే అధికారం పోలీసులకి ఇచ్చింది.

ఇక సౌదీ. మన జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు ఎంతమంది అక్కడ డ్రైవర్లుగా ఉన్నారో చెప్పక్కర్లేదు. వాళ్లని అడగండి, తఫ్హీత్ అంటే ఏంటో చెప్తారు. మామూలు సెడాన్ కార్లని హైవే మీద అడ్డంగా జార్చే ఆట. ఆ పక్క లేన్‌లో వెళ్లే డ్రైవర్ మన బాబాయో, మామో అయ్యుండొచ్చు. 2016లో అక్కడి ప్రభుత్వం మొదటిసారి దొరికితే 20,000 రియాళ్లు, రెండోసారి 40,000, మూడోసారి 60,000 జరిమానా పెట్టింది.

మన దగ్గర

మన దేశంలో ఈ పొగని ప్రపంచమంతా చూసిన రోజు ఒకటుంది. 2013 అక్టోబర్ 27, గ్రేటర్ నోయిడా, బుద్ధ్ సర్క్యూట్. సెబాస్టియన్ వెటెల్ నాలుగో ప్రపంచ టైటిల్ గెలిచి, స్టాండ్స్ ముందే కారుని గిరగిరా తిప్పి, దిగి, దాని ముందు మోకరిల్లాడు. జనం ఊగిపోయారు. ఫలితం? ఆయనకి మందలింపు, టీమ్‌కి 25,000 యూరోల జరిమానా. ప్రపంచ చాంపియన్‌ అయినా, రేసు ట్రాక్ మీదైనా, రూల్ రూలే.

మనకి 1983లో మారుతీ 800 వచ్చాక మెల్లగా ముందు చక్రాల కార్లే ఎక్కువైపోయాయి. అంబాసిడర్, పద్మిని రోజుల్లో వెనక చక్రాలకి శక్తి ఉన్నా, టైర్లు కాల్చేంత ఇంజిన్ లేదు. ఇప్పుడు ఇంజిన్ ఉంది, రీల్ ఉంది. లేనిది చోటు. అందుకే బైపాస్‌లు, కాలేజీ గ్రౌండ్లు, ఔటర్ సర్వీస్ రోడ్లు.

చట్టం కూడా చెప్పేస్తా. మోటారు వాహనాల చట్టంలో ప్రమాదకర డ్రైవింగ్‌కి సెక్షన్ 184 ఉంది. 2019 సవరణ తర్వాత మైనర్ తోలితే సెక్షన్ 199ఏ కింద బండి యజమానికి లేదా తల్లిదండ్రులకి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. అంటే తొక్కేది కొడుకు, కోర్టుకి నిలబడేది నాన్న.

నా కథ

ఇప్పుడు నా వంతు. ఇంజినీరింగ్ సెకండియర్. మా ఫ్రెండ్ వాళ్ల నాన్న టాక్సీ తోలేవాడు. సొంత బండి, ఇంకా కిస్తీలు ఉన్నాయి. పాత డీజిల్ బండి, మాన్యువల్, వెనక చక్రాలకి శక్తి. ఒక ఆదివారం ఆయన నిద్రపోతుంటే తాళాలు తెచ్చాం. మా ఊరి బైపాస్ పక్కన, ఇంకా ఓపెన్ కాని సర్వీస్ రోడ్డు. వాడు స్టీరింగ్ దగ్గర, నేను బయట ఫోన్ పట్టుకుని.

మూడోసారికి పొగ వచ్చింది. నేను కేకలు వేశా. ఆ పొగలో నాకు ఇంకో వాసన కూడా తగిలింది, మాడిన వాసన. అది రబ్బర్ కాదని నాకు అప్పుడు తెలియదు. టైర్ కింద నుంచి ఒక కంకర రాయి లేచి, నా చెవి పక్కనుంచి పోయి, వెనక ఆగి ఉన్న పాల వ్యాన్ అద్దం పగలగొట్టింది. వ్యాన్‌లో ఎవరూ లేరు. ఒక జానెడు ఇటు వచ్చుంటే ఈ చానల్ లేదు.

క్లచ్ పోయింది. బండి కదల్లేదు. సాయంత్రం వాళ్ల నాన్న వచ్చాడు. కొడతాడనుకున్నాం. ఏమీ అనలేదు. టైర్ వైపు ఒకసారి చూసి, ఫోన్ తీసి, మర్నాడు పొద్దున పెళ్లి ట్రిప్ ఇచ్చిన వాళ్లకి ఫోన్ చేసి, "బండి రాదు సార్, వేరే చూస్కోండి" అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినపడుతుంది. బండి తొమ్మిది రోజులు షెడ్డులో ఉంది. ఆ నెల కిస్తీకి మా ఫ్రెండ్ వాళ్ల అమ్మ గాజులు తాకట్టుకి వెళ్లాయి. ఆ వీడియో ఎక్కడా పెట్టలేదు. పదకొండు సెకన్ల వీడియో.

తమ్ముడూ, నీకు రిప్లై ఇదే. ఆటోమేటిక్‌లో అవుతుందా? అవుతుంది. 1950ల నుంచీ అవుతోంది. కానీ దాన్ని కనిపెట్టిన వాళ్లు రన్‌వే వెతుక్కున్నారు, గోడ కట్టుకున్నారు, పక్కన మంటలార్పే మనిషిని పెట్టుకున్నారు. టైరు వాళ్లదే, బండి వాళ్లదే, నష్టం వాళ్లదే. నీకు నిజంగా ఆ పిచ్చి ఉంటే ట్రాక్‌కి వెళ్లు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ఉంది, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. డబ్బు కూడబెట్టుకుని వెళ్లి, హెల్మెట్ పెట్టుకుని నేర్చుకో. మన రెండు రాష్ట్రాల్లో కూడా కుర్రాళ్లకి అలాంటి చోటు కావాలని అడుగుదాం. అది అడగడం తప్పు కాదు. చరిత్ర చెప్పేదీ అదే.

అప్పటిదాకా నాన్న కారు తాళాలు నాన్న దగ్గరే ఉండనీ. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి. ఉంటాను.